మైకత్త రెండోసారి చెప్పిన మాట

మనుషుల్లో కొందరికి నోరుంటుంది, కొందరికి మైకుంటుంది. మైకత్తకు ఉన్నది మైకే. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ పెద్ద బస్టాండులో ఏ బస్సు ఎక్కడికి పోతుందో, ఏ ప్లాట్‌ఫారం మీద నిలబడిందో, ఏది ఎందుకు ఆలస్యమైందో చెప్పే గొంతు ఆవిడదే. ఆ గొంతు వినబడితే కునుకు తీస్తున్నవాడు లేచి చెప్పులు వెతుక్కునేవాడు, టీ తాగుతున్నవాడు గబుక్కున గుటకేసి నాలుక కాల్చుకునేవాడు. అంతటి అధికారం గల గొంతు, గది తలుపు తీసుకుని బయటికొస్తే చాలు, ఎటు పోయేదో ఏమో. కూరగాయల కొట్టు ముందు నిలబడి అరకిలో టమాటాలు అడగడానికి నోరు పెగిలేది కాదు. వేలితో చూపించేది. కొట్టువాడు ఆ వేలు ఎటు తిరిగినా తనకు అమ్ముడుపోని కూరే తూచి ఇచ్చేవాడు. ఆ ఇంట్లో ఏళ్ల తరబడి ముదిరిన బెండకాయలు తిన్నారంటే కారణం అదే.

మైకత్త అని పేరు పెట్టింది మేనకోడలు, మాటలు వచ్చీరాని వయసులో. అదే ఖాయమైపోయింది. జీతాల పట్టీలో తప్ప అసలు పేరు ఇంకెక్కడా మిగల్లేదు. తమ్ముడి కుటుంబంతోనే ఉండేది. తమ్ముడు బస్టాండు వెనక షెడ్డులో బస్సు టైర్లు బాగుచేసేవాడు. మరదలు ఇంట్లో కుట్టుమిషన్ మీద బట్టలు కుట్టేది. మైకత్త పెళ్లి చేసుకోలేదు. ఎవరైనా చనువు తీసుకుని ఆ మాట ఎత్తితే, "ఆ బస్సు రద్దయిందండీ" అని లోపలికి వెళ్లిపోయేది. బయటివాళ్లతో ఆవిడ మాట్లాడిన అతి పొడుగాటి మాట అదే.

మైకు గదికి ఆవిడ వచ్చిన తీరు కూడా నవ్వొచ్చేదే. మొదట టికెట్ల కౌంటర్లో వేశారు. ఎదురుగా మనిషి మొహం కనబడగానే నోట్లో మాట నోట్లోనే ఉండిపోయేది. క్యూ వీధి దాకా సాగేది, తిట్లు గాలిలో ఎగిరేవి. చివరికి అప్పటి కంట్రోలరు, అంటే బస్సుల రాకపోకలు చూసే పెద్దాయన, జనం కంటికి కనబడకుండా ఎక్కడైనా కూర్చోబెట్టాలని మైకు గదిలోకి తోశాడు. ఆ గది అద్దానికి ఎండ పడుతోందని ఎవరో ఎప్పుడో తెల్లరంగు పూసేశారు. అవతల వేలమంది ఉన్నా ఒక్క మొహం కనబడదు. ఆవిడ స్విచ్ నొక్కింది, నోరు తెరిచింది. అంతే, గంట కొట్టినట్టు పలికింది. కంట్రోలరు రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని కాసేపు స్పీకరు వైపే చూస్తూ ఉండిపోయాడట.

ఆయనే ఆవిడకు పని నేర్పాడు. "ఏదైనా రెండుసార్లు చెప్పాలమ్మా. మొదటిసారి చెబితే జనం తలెత్తుతారు. రెండోసారే వింటారు" అన్నాడు. మైకత్త ఆ మాటను మంత్రంలా పట్టుకుంది. పట్టుకుని ఊరుకుంటే బాగుండేది. అది బస్టాండు దాటి ఇంటికీ వచ్చేసింది. "భోజనం సిద్ధంగా ఉంది, భోజనం సిద్ధంగా ఉంది" అనేది. "వదినా, ఒక్కసారి చాలు. మేమేం పెట్టెలు మోసుకుంటూ పరిగెత్తడం లేదు" అనేది మరదలు. మైకత్త నవ్వి, అప్పుడూ రెండుసార్లే "సరే, సరే" అనేది. తను అలా అంటున్నట్టు ఆవిడకు నిజంగా తెలియదు. ఎవరి ఊపిరి వాళ్లకు వినబడుతుందా?

ఇక మేనకోడలు. చదువులో ఆ పిల్ల కత్తి. సైన్సు పుస్తకం తెరిస్తే భోజనం మరిచిపోయేది. చిన్నప్పుడు బడి వదలగానే అత్త గదిలో ఓ మూల కూర్చుని పాఠాలు చదువుకునేది. అక్కడే ఆ పిల్లకు వాతావరణం పిచ్చి పట్టింది. కొండదారి బస్సు ఎందుకు ఆలస్యమైందంటే పొగమంచు అనేవారు, రేపు ఉంటుందా అంటే ఎవరికి తెలుసనేవారు. ఎవరికీ ఎందుకు తెలియదని పిల్ల పట్టుకుంది. వాతావరణ శాస్త్రం చదువుతానంది. అది నేర్పే కాలేజీ దూరంగా ఉంది. ఆ ఫీజులూ హాస్టలూ టైర్లకు అతుకులేసే ఇంటికి అందేవి కావు. మెరిట్ స్కాలర్‌షిప్ వస్తే ఆ కాలేజీ, రాకపోతే ఇంటి పక్క కాలేజీలో లెక్కల పద్దులు రాసే చదువు. మధ్యలో మూడో దారి లేదు.

"మార్కులు చూస్తే వచ్చి తీరాలి" అంది సైన్సు టీచరు, తమ్ముణ్ణి బడికి పిలిపించి. "కానీ మార్కులు గుమ్మం దాకానే తీసుకెళతాయండీ. లోపల మాట్లాడాల్సింది పిల్లే. ఒక్కచోటే ఆశ పెట్టుకోకండి, స్కాలర్‌షిప్ ఇచ్చే మూడు చోట్లకు దరఖాస్తు పంపండి."

ఆ మాట మైకత్తకు నచ్చింది. ఒక్క బస్సునే నమ్ముకుని నిలబడేవాడి అవస్థ ఆవిడ రోజూ వింటున్నదే కదా. మూడు చోట్లకూ దరఖాస్తులు వెళ్లాయి. మరదలి నోట్లో నువ్వుగింజ నానదు, జాకెట్టు కొలతలిచ్చే ప్రతి ఆడమనిషికీ చెప్పింది. వీధి వీధంతా ఎదురుచూడ్డం మొదలుపెట్టింది.

మొదటి చోట, ఈ ఏటి స్కాలర్‌షిప్పులు అయిపోయాయన్నారు. రెండో చోట ఇంటర్వ్యూకి పిలిచారు. తమ్ముడు ఉతికిన చొక్కా వేసుకుని కూతుర్ని తీసుకెళ్లాడు. లోపల ఎదురుగా ఉన్నవాళ్లు "మీ గురించి చెప్పండి" అన్నారు. పిల్ల చెప్పలేదు. మంచినీళ్లిచ్చారు, తాగింది. మళ్లీ అడిగారు. మళ్లీ తాగింది. సాయంత్రం తమ్ముడు ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ, "మంచినీళ్లు తాగి వచ్చాం" అన్నాడు. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టయింది.

పిల్ల గోడవైపు తిరిగి పడుకుంది. మైకత్త మంచం అంచున కూర్చుంది. ఆ జబ్బు ఎవరిదో ఆవిడకు తెలుసు. ముక్కు తల్లిది, రంగు తండ్రిది, నోరు మాత్రం తనది.

"ఏమే కోడలా, వాళ్ల మొహాలు చూశావా?"

"చూశానత్తా. చూడగానే గొంతు ఎండిపోయింది."

"నాకూ అంతే. రేపు బడి అయ్యాక నా గదికి రా. రేపు బడి అయ్యాక నా గదికి రా."

ఆవిడ గదిలో మైకును ఇంకొకరు ముట్టుకోవడం నేరం. అప్పటికి పాత కంట్రోలరు రిటైరై కొత్తాయన వచ్చాడు. పెన్ను మూత కూడా తిన్నగా లేకపోతే ఊరుకోని మనిషి. అయినా మైకత్త మర్నాడు మేనకోడల్ని కుర్చీలో కూర్చోబెట్టింది. ఆవిడ జీవితంలో రూలు తప్పడం అదే మొదలు.

"ఎవర్నీ చూడకు. బయట వెయ్యిమంది ఉన్నారనుకోకు. ఈ బస్సు ఎక్కాల్సినవాడు ఒక్కడున్నాడు. తప్పిపోతే వాడికి కొంప మునుగుతుంది. వాడికి చెప్పు. అంతే."

పిల్ల స్విచ్ నొక్కింది. గొంతు మొదట వణికింది, తర్వాత సర్దుకుంది. రెండోసారి చెప్పేటప్పటికి నిటారుగా నిలబడింది. బయట జనం సంచులు ఎత్తుకుంటున్న చప్పుడు తెల్ల అద్దం అవతలి నుంచి వినబడింది. పిల్ల కళ్లు పెద్దవి చేసి అత్త వైపు చూసింది. అప్పుడే తలుపు తోసుకుని కంట్రోలరు వచ్చాడు.

"మైకు బాగుచేయించారామ్మా? ఇవాళ చాలా స్పష్టంగా ఉంది" అని ఆయన వెళ్లిపోయాడు. మైకత్త కాస్త నొచ్చుకుంది కూడా.

మూడో చోటి నుంచి పిలుపు వచ్చేసరికి ఇంట్లో ఇంకో బడి నడుస్తోంది. ముందుగదిలో తాడు కట్టి దుప్పటి వేలాడదీశారు. ఒకవైపు పిల్ల, రెండోవైపు అధికారుల్లా తమ్ముడూ మరదలూ. మొదట దుప్పటి నెత్తిమీది దాకా ఉండేది. రోజూ కాస్త కిందికి దించేవారు. నుదుళ్లు కనబడ్డాయి, తర్వాత కళ్లు కనబడ్డాయి. కళ్లు కనబడిన రోజు పిల్ల తడబడింది, మళ్లీ ఒక రోజు పైకి లాగారు. తమ్ముడు అధికారిగా బొత్తిగా పనికిరాలేదు. "అన్నం తిన్నావామ్మా" అనే అడిగేవాడు. మరదలు అందుకుని, "ఏమండీ అమ్మాయిగారూ, మా డబ్బు మీకే ఎందుకివ్వాలి?" అని కళ్లెర్రజేసేది. చివరికి దుప్పటి నేలమీద పడింది. పిల్ల అమ్మ మొహంలోకి చూస్తూ జవాబు చెప్పింది. అందరూ మురిసిపోయారు. ఆ మురిపెంలో ఒక సంగతి ఎవరి చెవికీ తట్టలేదు. ఆ ఇంట్లో అది రోజూ వినబడేదే, ఎలా తడుతుంది?

ఇంటర్వ్యూకి ఈసారి మైకత్తే వెంట వెళ్లింది. పాలిష్ పెట్టిన పొడవాటి వరండా, వరసగా కుర్చీలు, వాటి నిండా పిల్లలు. ఒకడు గోడకు జవాబులు చెప్పుకుంటున్నాడు, ఒకమ్మాయి గోళ్లు కొరుకుతోంది. పిలిచినవాళ్లలో సగంమందికి కూడా స్కాలర్‌షిప్ రాదని అక్కడి అటెండరు అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెబుతున్నాడు. మేనకోడల్ని పిలిచారు. తలుపు ఓరగా ఉండిపోయింది. మైకత్త ఆ సందు పక్కకు కుర్చీ జరుపుకుంది. ఎవరేమనుకుంటే ఆవిడకేం?

"ఈ చదువే ఎందుకు చదవాలనుకుంటున్నారు?" ఒక ఆడగొంతు అడిగింది.

"మా కొండదారి బస్సు పొగమంచు వల్ల ఆలస్యమవుతుందండీ. మంచు ఎప్పుడు దిగుతుందో ముందే చెప్పగలిగితే బస్సును దానికంటే ముందే దాటించవచ్చు. ఎదురుచూసే వాళ్లకు ఎంతసేపు చూడాలో చెప్పవచ్చు."

గొంతు గంటలా ఉంది. మైకత్త ఛాతీ ఉప్పొంగింది. అప్పుడు లోపల పిల్ల చిన్నగా ఊపిరి తీసుకుంది.

"మా కొండదారి బస్సు పొగమంచు వల్ల ఆలస్యమవుతుందండీ. మంచు ఎప్పుడు దిగుతుందో..."

అక్షరం పొల్లుపోకుండా, అదే రాగంలో, మళ్లీ మొత్తం. మైకత్తకు తన గొంతు మొట్టమొదటిసారి బయటి నుంచి వినబడింది. పాతికేళ్లుగా తను చేస్తున్నది ఇదా? మరదలి వెక్కిరింపులన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. రెండో ప్రశ్న వచ్చింది. రెండు జవాబులు వచ్చాయి. "అర్థమైందమ్మా, అర్థమైంది" అంది ఆ ఆడగొంతు. లోపల ఎవరో నవ్వారు. ఇంకెవరో కూడా నవ్వారు. అటెండరు వచ్చి తలుపు మూసేశాడు.

పిల్ల బయటికి వెలిగిపోతూ వచ్చింది. "మాట్లాడానత్తా. మొహాలు చూస్తూనే మాట్లాడాను. చివరి కుర్చీలో ఒక పెద్దాయన ఉన్నారు, నేను చెబుతున్నంతసేపూ చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నారు."

చెవి మూసుకున్నాడన్నమాట, అనుకుంది మైకత్త. తిరుగు బస్సులో కిటికీ బయటికే చూస్తూ కూర్చుంది. మార్కులు పిల్లను గుమ్మం దాకా తెచ్చాయి, మాట వచ్చింది, ధైర్యం వచ్చింది, చివరికి తనే తన రెండుసార్ల జబ్బు తెచ్చి పిల్ల నోట్లో పెట్టి చేతులారా చెడగొట్టింది. ఇంత కష్టపడి దుప్పటి దించి, చివరికి దాన్ని పిల్ల నెత్తిన కప్పింది. ఆవిడకు ఏడుపొచ్చింది. బస్సు నిండా మొహాలు, ఏడవడానికీ లేదు.

మర్నాటి నుంచి మైకత్త అన్నీ ఒక్కసారే చెప్పడం మొదలుపెట్టింది. ఇంట్లో ఒక్కసారి "భోజనం" అంటే ఎవరూ కదల్లేదు, రెండో పిలుపు కోసం కూర్చున్నారు, అంతా చల్లారిపోయింది. బస్టాండులో ఇంకా ఘోరం. జనం తలెత్తేవారు, స్పీకరు వైపు ఆశగా చూసేవారు, అది మాట్లాడేది కాదు. బస్సు వెళ్లిపోయేది. ఒక ముసలి దంపతులు రెండోసారి చెబుతారు కదా అని తాపీగా అరటిపళ్లు తింటూ బస్సు పోగొట్టుకున్నారు. పళ్ల తొక్కలు చేతిలో పట్టుకునే వచ్చి ఫిర్యాదు చేశారు.

"ఏంటమ్మా, సగం మాటలు దాచుకుంటున్నారు? ఎవరికిద్దామని?" అన్నాడు కంట్రోలరు.

ఆ సాయంత్రం మరదలు కుట్టుమిషన్ ఆపి నిలదీసింది. మైకత్త గోడకేసి చూస్తూ ఉన్నదంతా చెప్పేసింది. మరదలు విని, నవ్వు పట్టలేక దారం కండె కింద పారేసుకుంది.

"వదినా, అది నోరు తెరిస్తే చాలని మనం మొక్కుకున్నామా లేదా? ఒకసారి అడిగితే రెండుసార్లు తెరిచింది. వడ్డీతో సహా ఇచ్చింది. ఇందులో ఏడవాల్సిందేముంది?"

"పోతుందే. నా మూలంగా పోతుంది."

"పోతే పోతుంది. ఆ మంచినీళ్లు తాగొచ్చిన పిల్ల మళ్లీ రాదు, అది చాలదూ? రేపటి నుంచి సరిగ్గా చెప్పు, మీ తమ్ముడు చల్లారిన కూడు తినలేక చస్తున్నాడు."

మైకత్త మళ్లీ రెండుసార్లు చెప్పడం మొదలుపెట్టింది. బస్టాండు ఊపిరి పీల్చుకుంది. ఆవిడ మాత్రం పీల్చుకోలేదు. ప్రతి బస్సూ వచ్చి పోతోంది, తను ఎదురుచూస్తున్నది మాత్రం ఎక్కడుందో కబురు లేదు. "దయచేసి వేచి ఉండండి" అని రోజుకు ఎన్నిసార్లు చెప్పిందో, వేచి ఉండటమంటే ఏమిటో ఆవిడకు అప్పుడే తెలిసింది.

ఒక మధ్యాహ్నం, కొండదారి బస్సు ప్లాట్‌ఫారం మీదికి వచ్చిందని అద్దం అవతలి నుంచి హారను వినబడింది. మైకత్త స్విచ్ మీద వేలు పెట్టింది. అప్పుడే తలుపు ధడాలున తెరుచుకుంది. మేనకోడలు. ఒక కాలికి తన చెప్పు, రెండో కాలికి అమ్మ చెప్పు.

"వచ్చిందత్తా. స్కాలర్‌షిప్ వచ్చింది. మొత్తం అన్నేళ్లకీ."

మైకత్త లేవబోయి మళ్లీ కూర్చుంది.

"ఆ ఇంటర్వ్యూ చేసినావిడ ఫోన్లో రెండుసార్లు చెప్పిందత్తా. ఎందుకండీ అంటే, 'మా పెద్దాయన అలా చెప్పమన్నారమ్మా' అంది. ఆయనకు చెవుడట. ఆ రోజు వచ్చిన వాళ్లందరూ గడగడా చెప్పేసి వెళ్లిపోతే ఒక్కరిదీ ఆయనకు అందలేదట. నాది మాత్రం మొదటిసారి తలెత్తి రెండోసారి మొత్తం విన్నారట. వినేవాళ్ల గురించి ఇంతగా ఆలోచించే పిల్ల వాతావరణం చెబితే అందరికీ అందుతుందన్నారట."

బయట హారను మళ్లీ మోగింది. బస్సు ఆగదు. మైకత్త స్విచ్ నొక్కి మైకు దగ్గరికి వంగింది. పెదాలు కదిలాయి. మాట రాలేదు. ఆ గదిలో, ఆ తెల్ల అద్దం వెనక, పాతికేళ్లలో మొదటిసారి ఆవిడ నోరు పెగల్లేదు. కళ్ల వెంట నీళ్లు మాత్రం ధారగా కారుతున్నాయి.

మేనకోడలు అత్త భుజం మీదుగా వంగింది. "ప్రయాణికులకు మనవి. కొండదారి బస్సు మూడో ప్లాట్‌ఫారం మీద సిద్ధంగా ఉంది" అంది. ఊపిరి తీసుకుని మళ్లీ అంది. బయట సంచుల చప్పుడు, పరుగుల చప్పుడు వినబడ్డాయి.

"ఇందాక నువ్వు చెప్పింది" అంది మైకత్త ముక్కు చీదుకుంటూ, "ఇంకోసారి చెప్పవే."

"నాకు వచ్చిందత్తా."

ఆ మాట బస్టాండంతా మారుమోగింది. స్విచ్ ఆపలేదన్న సంగతి ఇద్దరికీ అప్పుడు తెలిసింది. బయట గోలగోలగా ఉంది. ఏది వచ్చిందట, ఎక్కడికొచ్చిందట అంటున్నారు. జనం పెట్టెలతో సహా మైకు గది ముందు పోగయ్యారు. వాళ్లను తోసుకుంటూ కంట్రోలరు వచ్చాడు.

"ఏ బస్సు వచ్చిందమ్మా? నా చార్టులో లేదే. ఏ ప్లాట్‌ఫారం?"

మైకత్త తలుపు దాకా వచ్చింది. ఎదురుగా అన్నీ మొహాలే. గడ్డాల మొహాలు, కళ్లజోళ్ల మొహాలు, తల్లి చంకలో నోరు తెరుచుకుని చూసే చిన్న మొహం. ఇన్నేళ్లూ తను పిలిచింది వీళ్లనేనా అన్నట్టు ఆవిడ ఒక్కొక్కరినీ చూసింది. చేతిలో మైకు లేదు.

"మా కోడలికి స్కాలర్‌షిప్ వచ్చిందండీ" అంది.

అందరూ తలెత్తారు. ఎవరూ అడక్కుండానే ఆవిడ మళ్లీ చెప్పింది.